పల్నాటి రాయి - పదార్థాల వర్గీకరణ

పాఠ్యభాగ పరిచయం

మానవుడు నిత్యం ఎన్నో వస్తువులను వాడుతూ ఉంటాడు. ఏ వస్తువును ఏ పదార్థంతో చేయాలో నిర్ణయించేది ఆ పదార్థానికున్న గుణమే. ఆ గుణాలను గుర్తించి, పోల్చి, పదార్థాలను తరగతులుగా విభజించడమే వర్గీకరణ. పల్నాటి ప్రజల జీవనంతో పెనవేసుకున్న సున్నపురాయిని ఆధారంగా చేసుకొని ఈ శాస్త్రీయ విషయాన్ని వివరించడం ప్రస్తుత పాఠ్యభాగ ఉద్దేశం.

1. రాళ్ల సీమ

పల్నాడు అనగానే తెలుగువారికి బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు గుర్తుకు వస్తారు. ఆ వీరగాథను ద్విపదలో రచించిన శ్రీనాథుని పేరుతోనే ఈ సీమను గురించిన ఒక చాటుపద్యం కూడా ప్రచారంలో ఉంది. పల్నాటిలో కనిపించే వాటిని ఏకరువు పెట్టిన ఆ చాటువులో నాపరాళ్లకు కూడా చోటు దక్కింది. సన్నన్నం తిని, కృష్ణా తీరపు పచ్చదనం చూసిన కవికి ఈ రాతినేల కటువుగా తోచి ఉండవచ్చు. అయితే కవి విసుగుకు గురైన ఆ రాయే పల్నాటి ప్రజలకు ఇంటి నేల అయింది, అరుగు అయింది, గోడకు పూసే సున్నం అయింది, శిల్పి చేతిలో బుద్ధ చరిత్ర అయింది.

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. గురజాల, మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాలలో నేల అడుగున సున్నపురాయి పొరలు పొరలుగా విస్తరించి ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని నర్జి సున్నపురాయి అంటారు. నర్జి అనేది కడప జిల్లాలోని ఒక గ్రామం. అక్కడ మొదట వర్ణించిన శిలకు ఆ ఊరి పేరు పెట్టి, అదే శ్రేణికి చెందిన పల్నాటి శిలను కూడా అదే పేరుతో పిలుస్తున్నారు. రెండు దూర ప్రాంతాల రాళ్లను ఒకే పేరు కిందికి తీసుకురావడం కూడా వర్గీకరణే.

2. వస్తువు - పదార్థం - గుణం

వస్తువు వేరు, పదార్థం వేరు. బిందె వస్తువు, ఇత్తడి పదార్థం. రోలు వస్తువు, నల్లరాయి పదార్థం. ఒకే పదార్థంతో అనేక వస్తువులు చేయవచ్చు. ఒకే వస్తువును అనేక పదార్థాలతోనూ చేయవచ్చు. నీళ్లబిందె ఇత్తడిదీ కావచ్చు, ఉక్కుదీ కావచ్చు, ప్లాస్టిక్‌దీ కావచ్చు. అందువల్ల వస్తువుల పేర్లను బట్టి కాక, వాటిలోని పదార్థాల గుణాలను బట్టి విభజించినప్పుడే ఆ విభజన శాస్త్రీయమవుతుంది.

గుణాలను బట్టి ద్రవ్యాలను పరిశీలించే పద్ధతి భారతీయులకు కొత్తది కాదు. వైశేషిక దర్శనం లోకంలోని ద్రవ్యాలను తొమ్మిదిగానూ, గుణాలను ఇరవై నాలుగుగానూ విభజించింది. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ విషయాన్నే బాలురకు బోధపడేలా క్లుప్తంగా చెప్పాడు. రంగు, స్పర్శ, బరువు, ప్రవహించే స్వభావం, జిగి వంటివి ఆ గుణాలలో కనిపిస్తాయి. నీటికి ప్రవహించే స్వభావం సహజమనీ, నేతికి, బంగారానికి అది వేడివల్ల కలుగుతుందనీ ఆ శాస్త్రం వేరు చేసి చూపింది. వంచి వదిలిన వస్తువు మళ్లీ మొదటి స్థితికి రావడాన్ని స్థితిస్థాపకం అన్నది. నేటి భౌతికశాస్త్ర పుస్తకాలలోని స్థితిస్థాపకత అనే మాట అక్కడి నుంచి వచ్చినదే. నాటి సిద్ధాంతాలన్నింటినీ నేటి విజ్ఞానం అంగీకరించకపోయినా, గుణాన్ని గమనించి ద్రవ్యాన్ని నిర్ణయించాలన్న మూలసూత్రం మాత్రం నిలిచి ఉంది.

3. కంటికి కనిపించే గుణాలు

ఏ పదార్థాన్ని చూసినా మొదట కంటికి అందేది రంగు. తరువాత మెరుపు, పారదర్శకత. గాజు గుండా అవతలి వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది కనుక అది పారదర్శకం. నూనె పూసిన కాగితం గుండా వెలుతురు వస్తుంది గాని ఆకారం స్పష్టంగా కనిపించదు కనుక అది అర్ధపారదర్శకం. నాపరాయి గుండా వెలుతురు రాదు కనుక అది అపారదర్శకం. లోహాలకు ఉండే నిగనిగ కర్రకు, మట్టికి ఉండదు.

అయితే రంగును మాత్రమే నమ్మితే మోసపోక తప్పదు. దీనికి పల్నాటి ఇళ్లలోనే చక్కని నిదర్శనం ఉంది. సున్నపురాతి పొడి, కాల్చిన సున్నం పొడి, ఉప్పు, గోధుమ పిండి - నాలుగూ తెల్లనివే. ఉప్పు నీటిలో పూర్తిగా కరుగుతుంది. సున్నపురాతి పొడి దాదాపు కరగకుండా అడుగున పేరుకుంటుంది. పిండి నీటితో కలిసి ముద్ద అవుతుంది. కాల్చిన సున్నం మీద నీరు పోస్తే బుసబుస పొంగి, ఆవిరి లేచేంత వేడి పుడుతుంది. అది కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ధారగా పడే నీటితో చాలాసేపు కన్ను కడిగి, వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. రంగు ఒకటే అయినంత మాత్రాన గుణం ఒకటి కాదన్న జ్ఞానం ఇక్కడ కేవలం పరీక్షలో మార్కులకు సంబంధించినది కాదు, ప్రాణావసరమైనది.

4. కాఠిన్యం

ఒక పదార్థం మీద మరొక పదార్థంతో గీసినప్పుడు గీత పడకుండా నిలిచే శక్తిని కాఠిన్యం అంటారు. జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో పది ఖనిజాలను వాటి కాఠిన్యాన్ని బట్టి వరుసగా పేర్చాడు. అందులో అతి మెత్తని సుద్దరాయిది 1వ స్థానం, అతి కఠినమైన వజ్రానిది 10వ స్థానం. ఇక్కడ సుద్దరాయి అంటే బలపాలకు వాడే మెత్తని రాయి. సున్నపురాతిలో ప్రధానంగా ఉండే కాల్సైట్‌ది 3వ స్థానం, పలుగురాతిది 7వ స్థానం. మనిషి గోరు కాఠిన్యం సుమారు రెండున్నర, మామూలు గాజుది సుమారు అయిదున్నర.

ఈ కొలతతో పొలం గట్టున దొరికిన తెల్లరాయి సున్నపురాయో, పలుగురాయో తేల్చవచ్చు. గోటితో గీస్తే రెండింటి మీదా గీత పడదు. ఇనుప మేకుతో గీస్తే సున్నపురాయి మీద గీత పడుతుంది, పలుగురాయి మీద పడదు. పైగా పలుగురాయి గాజు పెంకు మీద గీత పెడుతుంది. ఏ యంత్రమూ లేకుండా, ఒక మేకు, ఒక గాజు పెంకు ఉంటే చాలు, రెండు తెల్లరాళ్లు రెండు వేర్వేరు తరగతులకు చేరిపోతాయి.

పల్నాటి ఇళ్లలో నేలకు నాపరాయి పరుస్తారు గాని, రోలుకు దానిని వాడరు. రోలుకు నల్లరాయి కావాలి. కారణం కాఠిన్యమే. నల్లరాతిలో పలుగు, చంద్రకాంతం వంటి గట్టి ఖనిజాలు ఉంటాయి. రోకటి పోటుకు అది అంత తేలికగా అరగదు. సున్నపురాతితో రోలు చేస్తే అది అరిగి, పచ్చడిలో రాతిపొడి కలుస్తుంది. అంతేకాక చింతపండులోని పులుపు సున్నపురాతిని కొద్దికొద్దిగా తినివేస్తుంది. నాపరాతి గచ్చు మీద చింతపండు రసం ఒలికి నిలిస్తే మెరుపు పోయి మచ్చ పడటానికి ఇదే హేతువు. ఈ సూత్రాలను పుస్తకంలో చదవని గృహిణులు కూడా తరతరాలుగా పదార్థాన్ని పనికి తగినట్టు ఎంచుకుంటూనే ఉన్నారు.

5. సాంద్రత

చేతిలోకి తీసుకోగానే తెలిసే గుణం బరువు. కాని బరువు వస్తువు పరిమాణాన్ని బట్టి మారుతుంది. ఒకే పరిమాణంలో ఉన్న పదార్థాల బరువులను పోల్చినప్పుడు తెలిసేది సాంద్రత. నీటి సాంద్రతను 1గా తీసుకుంటే, సున్నపురాతిది సుమారు 2.7, ఇనుముది సుమారు 7.8. టేకు కర్రది 1 కన్నా తక్కువ కనుక అది నీటిపై తేలుతుంది.

వరి విత్తనాలను రైతులు ఉప్పునీటిలో పోయడం కూడా ఈ సూత్రాన్ని అనుసరించే. గట్టి గింజలు మునుగుతాయి, తాలు గింజలు తేలుతాయి. కంటికి ఒకేలా కనిపించే గింజలను సాంద్రత రెండు రాశులుగా విడదీస్తుంది.

అయితే ఈ గుణానికీ పరిమితి ఉంది. నాపరాయి, నల్లరాయి - రెండింటి సాంద్రతా దాదాపు సమానమే. తూచి చూస్తే వాటి భేదం తేలదు, గీసి చూస్తే తేలుతుంది. రంగు విఫలమైన చోట సాంద్రత, సాంద్రత విఫలమైన చోట కాఠిన్యం అక్కరకు వస్తాయి. ఒక గుణానికి మరొక గుణం తోడైనప్పుడే నిర్ణయం నిలుస్తుంది.

6. వేడి, నీరు, ధ్వని

పల్నాటి ఎండలు ప్రసిద్ధమైనవి. మధ్యాహ్నం వేళ ఇంటిలోని నాపరాతి గచ్చు మీద పడుకుంటే చల్లగా ఉంటుంది. పక్కనే ఉన్న కర్రపీట అంత చల్లగా తోచదు. నిజానికి నీడలో ఉన్న రాయి, కర్ర రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. రాయి శరీరంలోని వేడిని కర్ర కన్నా వేగంగా గ్రహించి తీసుకుపోతుంది కనుక చల్లగా అనిపిస్తుంది. అదే బండ ఆరుబయట ఎండలో ఉంటే, తాను గ్రహించిన వేడిని అంతే వేగంగా పాదానికి అందించి కాలుస్తుంది. చల్లదనం, చురుకుదనం రెండూ ఒకే గుణానికి రెండు ముఖాలు. దీనినే ఉష్ణవాహకత అంటారు. లోహాలకు ఇది మరీ ఎక్కువ. అందుకే ఇనుప పెనానికి కర్ర పిడి బిగిస్తారు.

నీటితో పదార్థాలకు గల సంబంధం కూడా వర్గీకరణకు ఆధారమే. పత్తి నీటిని పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ పీల్చుకోదు. మట్టికుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు మెల్లగా పైకి చెమర్చి ఆవిరవుతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని తీసుకుపోవడం వల్ల నీరు చల్లబడుతుంది. ఇత్తడి బిందెకు ఆ రంధ్రాలు లేవు, ఆ చల్లదనమూ లేదు.

ఇక ధ్వని. కుండ కొనేవారు వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగున మోగితే మంచిది, బొదబొదమంటే పగులు ఉన్నట్టు. రాతిపని వారు కూడా బండను సుత్తితో తట్టి, లోపలి పగులును చెవితోనే పసిగడతారు. కంటికి కనపడని దోషం చెవికి దొరుకుతుంది.

7. బట్టీలో జరిగే మార్పు

ఇంతవరకు చెప్పినవి చాలావరకు భౌతిక ధర్మాలు. వాటిని పరీక్షించినప్పుడు పదార్థం మారదు. గీసినా, తూచినా, తట్టినా సున్నపురాయి సున్నపురాయిగానే ఉంటుంది. పగలగొట్టి కంకర చేసినా అది సున్నపురాయే.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు పొందిన పట్టణం. అక్కడ రాయిని బొగ్గుతో కలిపి బట్టీలో కాలుస్తారు. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో రాయి విచ్ఛిన్నమై బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే కాల్చిన సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలు వాయువుగా గాలిలో కలిసిపోతాయి. మిగిలినది చూపుకు రాయిలాగే ఉన్నా అది రాయి కాదు, కొత్త గుణాలు గల కొత్త పదార్థం. ఇది రసాయనిక మార్పు. సిమెంటు తయారీలో ఇదే రాయిని బంకమట్టి వంటి పదార్థాలతో కలిపి సుమారు 1450 డిగ్రీల వరకు వేడిచేసి, వచ్చిన ముద్దలను జిప్సంతో కలిపి పొడిచేస్తారు.

రాయిని పగలగొడితే ముక్కలు మిగులుతాయి. ఆ ముక్కలను ఎవరైనా తిరిగి పేర్చవచ్చు. కాలిస్తే ఆ అవకాశం ఉండదు. బట్టీలోకి వెళ్లిన రాయి మీద ఏమి చెక్కి ఉన్నా అది శాశ్వతంగా పోతుంది. ఈ భేదం ఎంత గొప్పదో అమరావతి చరిత్ర చెబుతుంది.

8. పాలరాయా? సున్నపురాయా?

నేటి పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతిలో శాతవాహనుల కాలంనాటి మహాచైత్యం ఉండేది. దానిని అలంకరించిన శిల్పఫలకాలు లేత ఆకుపచ్చ ఛాయ గల తెల్లని రాతివి. ఆ శిలను చరిత్రకారులు పల్నాడు సున్నపురాయి అంటారు. దాని కాఠిన్యం తక్కువ కనుక ఇనుప ఉలికి లొంగింది. దాని రేణువులు అతి సూక్ష్మమైనవి కనుక కనుబొమ్మ వంపు, నగలోని ముత్యం కూడా స్పష్టంగా నిలిచాయి.

18వ శతాబ్ది చివరలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్టణం నిర్మిస్తున్న రోజులలో అక్కడి దిబ్బను తవ్వగా ఈ రాళ్లు బయటపడ్డాయి. కొన్నింటిని కట్టడాలలో వాడుకున్నారు. ఎన్నో ఫలకాలను సున్నం కోసం కాల్చివేశారు. కాల్చినవారు రాతి గుణం తెలియనివారు కారు. అది కాలిస్తే మంచి సున్నం అవుతుందని వారికి బాగా తెలుసు. వారు చేసిన వర్గీకరణ ఒక విధంగా సరైనదే. అయితే వారు చూసినది ఒక్క గుణాన్నే. ఆ రాతి మీద మానవుని చేయి నిలిపిన రూపం ఉందన్న సంగతి వారి లెక్కలోకి రాలేదు.

కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చి, తరువాత తన బృందంతో ఆ శిల్పాల చిత్రాలు గీయించాడు. అనంతరం నశించిన కొన్ని ఫలకాల రూపం నేడు ఆ చిత్రాల వల్లనే తెలుస్తున్నది. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వకాలు జరిపి శిల్పాలను మద్రాసుకు పంపాడు. వాటిలో ఎన్నో 1859లో లండన్ చేరాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి దక్కాయి. వాటికి ఎలియట్ మార్బుల్స్ అనే పేరు వచ్చింది. మార్బుల్ అంటే పాలరాయి.

ఈ పేరు శాస్త్రదృష్టిలో సరికాదు. పాలరాయి కూడా మొదట సున్నపురాయే. భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి లోనై దాని రేణువులు తిరిగి స్ఫటికాలుగా రూపొందినప్పుడు పాలరాయి అవుతుంది. రెండింటి ప్రధాన ఖనిజం ఒకటే కావచ్చు. రెండింటి కాఠిన్యం ఇంచుమించు ఒకటే. రెండూ నునుపు తేలుతాయి. రెండింటి మీదా ఆమ్లం చుక్క వేస్తే పొంగుతుంది. భేదం తెలిపేది రేణువుల అల్లిక. విరిగిన పాలరాతి అంచున పంచదార పలుకుల వంటి స్ఫటికాలు తళుక్కుమంటాయి. పల్నాటి రాతి అంచు మసృణంగా, పలుకులు లేకుండా ఉంటుంది. నునుపును, తెలుపును మాత్రమే చూసినవారు దానిని పాలరాయి అన్నారు. సున్నాన్ని మాత్రమే చూసినవారు బట్టీకి పంపారు. మొదటి పొరపాటును పుస్తకంలో దిద్దుకోవచ్చు. రెండవ పొరపాటును దిద్దుకొనే వీలు లేదు.

ఇదే జాతి శిలతో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, శిల్పాలు వెలిశాయి. నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునిగిపోనున్నదని తెలిసి 1954 నుంచి 1960 వరకు అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించి తిరిగి నిర్మించారు. శిల్పాలను కొండమీది మ్యూజియంలో భద్రపరిచారు. రాయి అదే. దానిని ఏ తరగతిలో చేర్చారన్న దానిలోనే భేదం. మాచర్ల సమీపంలోని దుర్గిలో నేటికీ రాతి శిల్పకళ జీవించి ఉంది. దుర్గి రాతిశిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

9. ముగింపు

పదార్థాల వర్గీకరణ పేర్ల పట్టికను కంఠస్థం చేయడం కాదు. ఏ గుణాన్ని చూడాలి, దానిని ఎలా పరీక్షించాలి, ఆ గుణం ఏ పనికి ఉపకరిస్తుంది అని ప్రశ్నించుకోవడం. ఒకే నాపరాయి తాపీపని వానికి నేలబండ, బట్టీ యజమానికి సున్నం, శిల్పికి రూపం, చరిత్రకారునికి సాక్ష్యం. వీటిలో ఏదీ అబద్ధం కాదు, ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. మళ్లీ వెనుకకు తీసుకురాలేని పని చేసే ముందు, చేతిలోని వస్తువును మరొక గుణంతో కూడా పరీక్షించి చూడటం వివేకవంతుల లక్షణం.

కఠిన పదాలు - అర్థాలు

కటువు = పరుషం, మోటు
హేతువు = కారణం
మసృణం = నున్ననిది, మృదువైనది
రేణువు = మిక్కిలి చిన్న కణం
విచ్ఛిన్నం = విడిపోవడం, చెదరిపోవడం
ఫలకం = పలక

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. భౌతిక ధర్మాలను బట్టి పదార్థాలను ఎలా వర్గీకరించవచ్చునో సోదాహరణంగా వివరించండి.
2. అమరావతి శిల్పాల చరిత్ర వర్గీకరణ ప్రాధాన్యాన్ని ఎలా తెలియజేస్తున్నది?

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. రోలుకు నాపరాతిని ఎందుకు వాడరు?
2. సున్నపురాతికి, పాలరాతికి గల భేదాన్ని తెలపండి.
3. భౌతిక మార్పుకు, రసాయనిక మార్పుకు భేదమేమి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తర్కసంగ్రహ కర్త ఎవరు?
2. కాఠిన్య క్రమంలో పలుగురాతి స్థానం ఎంత?
3. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి నుంచి ఎంత కాల్చిన సున్నం వస్తుంది?

ఈ. భాషాంశం
'కాఠిన్యం', 'చల్లదనం', 'తెలుపు', 'నునుపు' అనే గుణవాచక నామాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.